ముప్ఫై ఒకటో ఎలుక

నిద్రలో నడిచిన దారి: పదకొండో భాగం

పోయిన వారం మనం సుధామయిని కంప్యూటరు ముందు కొయ్యబారి కూర్చుని ఉండగా వదిలి వచ్చాం. పద్నాలుగో నంబరు ఎలుకదీ, ముప్ఫై ఒకటో నంబరు ఎలుకదీ మెదడు రికార్డింగులు ఆమె ముందు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి ఏప్రిల్ పదకొండున తీసింది, రెండోది ఇరవై రెండున తీసింది. పద్నాలుగు పడుచు ఎలుక, ముప్ఫై ఒకటి ముసలిది. కానీ రెండింటి అడుగునా మోగుతున్న కరెంటు రొద మాత్రం ఒక్కటే.

ఈ రొద గొడవేమిటో ఇవాళే మనతో కలిసినవాళ్ళకు చెప్పాలి కదా. ఎలుక మెదడులోకి దించిన సన్నటి తీగలు మెదడు మాటలను మాత్రమే వినవు. గోడల్లో పారే కరెంటు గుర్రుమనడాన్ని కూడా వింటాయి. పరిశోధకులందరూ దాన్ని చెత్త కింద తీసి పారేస్తారు. అయితే సెకనుకు యాభై సార్లు ఊగాల్సిన కరెంటు కచ్చితంగా యాభై సార్లే ఊగదు, కొంచెం ఎక్కువా కొంచెం తక్కువా అవుతూ ఉంటుంది. ఏ నిమిషంలో ఎంత తేడా వచ్చిందో ఊరంతా ఒకేలా ఉంటుంది, మర్నాడు మళ్ళీ అలాగే రాదు. అంటే ప్రతి రికార్డింగు కిందా అది తీసిన రోజూ గంటా ముద్ర పడి ఉంటాయన్నమాట, తీసినవాళ్ళకు తెలియకుండానే. ల్యాబులో ఈ రికార్డింగుల లెక్కలు కట్టే మనిషి కాబట్టి సుధామయికి ఆ చెత్తబుట్టలో చెయ్యి పెట్టబుద్ధయింది. పెట్టింది, కాల్చుకుంది.

ఎవరో పద్నాలుగో ఎలుక రికార్డింగునే తీసుకుని, ఏ తీగ మాట ఏ ఛానల్లో ఉందో అటూ ఇటూ మార్చి, అలల ఎత్తు కాస్త తగ్గించి, ముప్ఫై ఒకటి అని పేరు పెట్టారు. కింద రొద ఉంటుందని పాపం గుర్తు రాలేదు. ఎవరా మహానుభావులు? రెండు ఎలుకలనూ రికార్డు చేసింది అమల. గురువారం అమల పీహెచ్‌డీ వైవా. ఆ లోగా, అంటే ఈ సోమవారం సాయంత్రం ఐదు గంటలకల్లా, 'ముడి డేటా సరిచూశాను, మార్పులేవీ లేవు' అనే కాగితం మీద సుధామయి సంతకం పెట్టాలి. పెడితే అబద్ధానికి తానే సాక్షి. పెట్టకపోతే అమల ఆరేళ్ళ కష్టం మట్టిపాలు.

ఆ అమల ఎక్కడో ఉన్న మనిషైనా బాగుండేది. తార్నాక మెట్రో స్టేషన్ వెనక సందులో, రెండో అంతస్తు పోర్షన్‌లో, సుధామయి పక్క మంచం మీద పడుకునే మనిషి.

ఆదివారమంతా సుధామయి అడగలేదు. సోమవారం పొద్దున కూడా పళ్ళు తోముకుంది, ఉప్మా చేసింది, రెండు పళ్ళాల్లో వడ్డించింది, ఇంకా అడగలేదు. ఎదురు బిల్డింగులో కోచింగ్ సెంటర్ మైకు ఎవరి ర్యాంకులో చదువుతోంది. అమల అద్దం ముందు నిలబడి, వైవాలో చెప్పాల్సినది ఇంగ్లీషులో బట్టీ పడుతోంది. ఆ అద్దం నిండా సుధామయి బొట్టుబిళ్ళలు. స్నానానికి వెళ్ళేటప్పుడు అంటించినవి, తీయడం మర్చిపోయినవి, కొన్నింటికి జిగురు కూడా అయిపోయింది.

"నీ బొట్లల్ల నా మొకం ఏడున్నదో నాకే కనవడ్తలేదు. అద్దానికి అమ్మోరు వోసినట్టున్నది," అంది అమల నవ్వుతూ.

మామూలు రోజైతే సుధామయి కూడా నవ్వేది. ఇవాళ ఆ నవ్వు వెనక ఏముందా అని చూసింది. అనుమానం అనేది ఎంత పాడుదంటే, ఒకసారి లోపలికి వచ్చాక ఇల్లంతా తనదే అంటుంది. పోయిన బుధవారం తను గదిలోకి రాగానే అమల లాప్‌టాప్ ఎందుకు మూసింది? సంతకం పెట్టావా, సంతకం పెట్టావా అని రెండుసార్లు ఎందుకు అడిగింది? మొన్నటిదాకా లెక్కలోకి రానివన్నీ ఇప్పుడు వరసగా వచ్చి నిలబడుతున్నాయి.

"అమలా, నిన్నొకటి అడగాలి."

"అడుగు. ఎగ్జామినర్ లెక్క అడుగు, నాకు ప్రాక్టీసైతది."

"ముప్ఫై ఒకటి గురించి."

అమల చేతిలో దువ్వెన ఆగిపోయింది. "ఇంట్ల నంబర్లు మాట్లాడద్దని సార్ చెప్పిండు గద సుధా," అంది నెమ్మదిగా.

నిజమే. వాళ్ళ ప్రొఫెసర్ ఉమాపతి గారి ల్యాబులో అది శాసనం. ఎలుకను రికార్డు చేసినవాళ్ళు లెక్క కట్టకూడదు, లెక్క కట్టేవాళ్ళు ఎలుకను చూడకూడదు. ఒకరి ఆశ ఇంకొకరి లెక్కలోకి జారిపోకుండా ఆ కట్టడి. మంచి కట్టడే. బయటి ల్యాబుల వాళ్ళు కూడా ఆయన్ని మెచ్చుకునేవాళ్ళు. అలా రెండేళ్ళుగా ఈ ఇద్దరూ ఒకే గిన్నెలో అన్నం వండుకుంటూ, ఒకే తాడు మీద బట్టలు ఆరేసుకుంటూ, ఎలుకల ఊసు మాత్రం గుమ్మం బయటే వదిలి వచ్చేవాళ్ళు. అంత బుద్ధిమంతులు.

"ఇవాళ మాట్లాడాలి," అంది సుధామయి. "ముప్ఫై ఒకటిని నువ్వే రికార్డు చేశావా?"

"నేను గాక ఎవలు చేస్తరు?"

"ఏ రోజు?"

"ఏప్రిల్ ఇరవై రెండు. ఏంది సుధా, పోలీసోళ్ళ లెక్క అడుగుతున్నవ్?"

"పద్నాలుగుతో పోల్చి చూశాను. రెండూ ఒకటే. ఒకే ఎలుక, ఒకే గంట. ముప్ఫై ఒకటి పేరుతో మన దగ్గరున్నది ముప్ఫై ఒకటి కాదు."

అమల ముందు నవ్వింది. తర్వాత సుధామయి ముఖం చూసి నవ్వు ఆపింది. దువ్వెన అద్దం పక్కన పెట్టి, మంచం మీద కూర్చుంది.

"అంటే నేను దొంగ ఫైలు పెట్టిన అంటున్నవా?"

"నేనలా అనలేదు."

"అన్నవ్. నిన్న పొద్దటి సంది అంటనే ఉన్నవ్, నోటితోని అంటలేవు గంతే. నిన్న చాయ్ నీ ఒక్కదానికే పెట్టుకున్నవ్. రెండేండ్లల్ల ఎన్నడన్న ఒక్క గ్లాసే పెట్టినవా? నాకు గప్పుడే అనిపించింది ఏదో ఉన్నదని. వైవా గురించి గాబరా వడ్తున్న అని నన్ను ఒదిలేసినవనుకున్న." అమల వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. "మా అమ్మ బుధవారం వస్తా అన్నది. మా పాస్టర్ గారు ఆదివారం ప్రార్థనల నా పేరు చదివిండట. గీ వారమే దొరికిందా నీకు?"

 అయినా సుధామయి అడగడం ఆపలేదు. ఆపితే మళ్ళీ ధైర్యం రాదని ఆమెకు తెలుసు. "కోప్పడు, తిట్టు. కానీ ముందు ఆ రోజు ఏం జరిగిందో చెప్పు. ఏమీ దాచకు."

 అమల వంగి మంచం కిందున్న పెట్టె లాగింది. బట్టల కిందనుంచి నీలం అట్ట నోటుబుక్కు తీసి, పేజీలు తిప్పి, సుధామయి ఒళ్ళోకి విసిరినంత పని చేసింది. "సదువుకో. నా మాట నమ్మవు గద, నా రాత నమ్ము."

ఇంగ్లీషులో, గొలుసుకట్టు రాత. ఏప్రిల్ ఇరవై రెండు. సుధామయి వేలు పెట్టి చదివింది. పది నలభైకి కరెంటు పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిందట, సాయంత్రం దాకా రాదట. జెనరేటర్ మీద రికార్డింగ్ మొదలుపెట్టాను. రొద నిలకడగా లేదు, పెరుగుతూ తగ్గుతూ ఉంది. ముప్ఫై ఒకటి పన్నెండున్నరకు నిద్రపోయింది. స్పీకర్లో ఏమీ లేదు. రెండు గంటలు విన్నాను. ఏమీ లేదు.

ఆ 'ఏమీ లేదు' ఎంత పెద్ద మాటో ఆ ఇద్దరికే తెలుసు. పగలు గూటిలో కట్టిన మలుపుల దారిలో నడిచిన ఎలుక నిద్రపోయాక, దాని మెదడు అదే దారిని మళ్ళీ నడుస్తుంది. స్పీకరు పెట్టుకుని వింటే టపటపమని ఆ నడక వినిపిస్తుంది. ముసలి ఎలుకల్లో ఆ నడక ఆగిపోతుంది. ఉమాపతి గారి మందు వేస్తే మళ్ళీ మొదలవుతుందన్నది ఈ ల్యాబు చెబుతున్న గొప్ప కబురు. అమల థీసిస్ అదే. ముప్ఫై ఒకటి మందు తీసుకున్న ముసలి ఎలుక. నడవాలి. అది కూడా నడిస్తేనే లెక్క గట్టెక్కుతుంది. కంప్యూటర్లో ఉన్న ముప్ఫై ఒకటి భేషుగ్గా నడిచింది.

అయితే సుధామయి కళ్ళు ఆ మాట దగ్గర లేవు. అంతకు పై వరసలో ఉన్నాయి.

"జెనరేటర్ మీదా?" అంది.

"రాసిన గద. మూడు దాక గదే."

"మొత్తం రికార్డింగు?"

"మొత్తం. ఏమైంది?"

సుధామయి నోటుబుక్కు మూసింది.  జెనరేటర్ రొద, లైన్ కరెంటు రొద ఒకేలా ఉండవు. లైను కరెంటు కొంచెంగా కదులుతుంది, జెనరేటర్ కరెంటు మాత్రం భారం పడినప్పుడల్లా ఎగిరెగిరి పడుతుంది. కంప్యూటర్లో ఉన్న ఫైల్లో అలాంటి ఎగుడుదిగుడు ఒక్క సెకను కూడా లేదు. అమల తీసిన రికార్డింగు వేరు, ఫోల్డరులో ఉన్నది వేరు. ఎవరో అమల ఫైలు తీసేసి, పద్నాలుగుకు వేషం వేసి అక్కడ కూర్చోబెట్టారు. అబద్ధం ఆడాలనుకున్న మనిషైతే ఇలాంటి పేజీ రాసి పెట్టెలో దాచుకోదు.

"అమలా, నన్ను క్షమించు," అంది.  జెనరేటర్ సంగతి చెప్పింది. చెబుతుంటే అమల ముఖంలో కోపం కాస్తా తగ్గి, దాని చోట ఇంకేదో వచ్చి కూర్చుంది. సుధామయి దాన్ని వెంటనే గుర్తుపట్టింది. నిన్నటి నుంచి తన ముఖంలో ఉన్నది అదే కదా.

"అయితే నా ఫైలు ఏడ వోయింది?" అంది అమల. "గా సాయంత్రమే పెట్టేసిన. ముప్ఫై ఒకటి ఏం చెయ్యలేదని సార్‌కు గూడ చెప్పిన. సరేలేమ్మా, లెక్కలో తేలుతుంది అన్నడు. ఒకసారి లోపలికి వోయిన ఫైలును నేను ముట్టలేను. సార్ గూడ ముట్టలేడు, తాళం నాకు గూడ వద్దని ఆయననే అన్నడు. గా ఫోల్డర్ తాళం ఒక్కల దగ్గరనే ఉంటది. ఎవల దగ్గర సుధా?"

"నా దగ్గర," అంది సుధామయి.

"ఇగ ఇప్పుడు నువ్వు చెప్పు."

 మైకులో ర్యాంకుల చదువు అయిపోయింది. ఉప్మా రెండు పళ్ళాల్లోనూ అలాగే చల్లారిపోయింది.

ఇద్దరూ ఒకే ఆటోలో క్యాంపస్‌కు వెళ్ళారు గానీ మధ్యలో బ్యాగు పెట్టుకుని కూర్చున్నారు. ముందు ఎలుకల ఇంటికి వెళ్దామన్నది అమల. ఎలుకల ఇల్లంటే ల్యాబు వెనక ఉన్న పొడవాటి షెడ్డు. లోపల ఏసీ, బయట వేపచెట్టు కింద పోచయ్య కుర్చీ. ఇరవై రెండేళ్ళుగా ఎలుకలకు మేతా నీళ్ళూ ఆయనే. ఏ రోజు ఏ గూడు కడిగాడో, ఏ ఎలుక ఎంత తూగిందో, కరెంటు ఎప్పుడు పోయిందో ఎప్పుడొచ్చిందో అన్నీ ఒక పొడుగు రిజిస్టర్లో రాసి పెడతాడు. కరెంటు పోతే ఏసీ పోతుంది, ఏసీ పోతే ఎలుకలు పోతాయి. అందుకని ఆయనకు కరెంటంటే భక్తి.

"ఏప్రిల్ ఇరవై రెండా?" పోచయ్య కళ్ళద్దాలు చెవులకు తగిలించుకున్నాడు. "యాదికున్నది బిడ్డా. ట్రాన్స్‌ఫార్మర్ కాలిన దినం. డీజిల్ కోసం నేనే డబ్బాలు వట్టుకోని ఉరికిన. అమలమ్మ అన్నం గూడ తినలే, స్పీకర్ కాడనే కూసున్నది. గిదిగో." రిజిస్టర్ తిప్పి చూపించాడు. పది నలభైకి పోయింది, ఐదు ఇరవైకి వచ్చింది. పక్కన డీజిల్ ఎన్ని లీటర్లో కూడా ఉంది.

సుధామయి ఫోన్‌తో ఫోటో తీసుకుంటుంటే పోచయ్య వింతగా చూశాడు. "ఏంది గీ పేజీల ఏమున్నదని అందరు గిదే అడుగుతరు? ఎండకాలంల పెద్దసారు గూడ గిదే అడిగిండు."

"ఏ పెద్దసారు?"

"ఇంకెవరు, ఉమాపతి సార్. గీ పేజీ సూసి, సరే పోచయ్యా అని పోయిండు. నాకు సదువు తక్కువ బిడ్డా, నాకేం తెలుస్తది."

సుధామయీ అమలా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంట్లోంచి బయల్దేరాక అదే మొదటిసారి.

అక్కడి నుంచి సర్వర్ గది. ముడి ఫోల్డర్లో ఎవరు ఏ ఫైలు పెట్టినా, మార్చినా యంత్రం ఒక వరస రాసుకుంటుంది. ఆ చిట్టాను చూడాలన్న ఆలోచన ఇన్నాళ్ళూ ఎవరికీ రాలేదు, ఎందుకంటే వెళ్ళేది సుధామయి ఒక్కతే. ఆమె వెనక అమల నిలబడింది. సుధామయి ముప్ఫై ఒకటి అని కొట్టింది. అమల ఆ సాయంత్రం ఫైలు పెట్టిన వరస కింద ఇంకొక్క వరస వచ్చింది. మే ఎనిమిది, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. పాత ఫైలు తీసివేయబడింది, కొత్త ఫైలు పెట్టబడింది. పెట్టినవారి పేరు సుధామయి.

 అమల ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ ఒక్క అడుగు చప్పుడు సుధామయి గుండెల్లో కలుక్కుమంది.

"మే ఎనిమిదిన నేను ఊళ్ళో లేను," అంది గబగబా. "కాకినాడలో ఉన్నాను. పిన్నికి తుంటి ఆపరేషన్. నువ్వే కదా నన్ను స్టేషన్లో దింపావు. ఆస్పత్రి నుంచి నీకు వీడియో కాల్ చేశాను. గుర్తు లేదా?"

అమల ఆలోచించింది. "యాదికున్నది," అంది చివరికి. "మీ పిన్ని నన్ను అమలా కాదు, విమలా అన్నది." ఆమె ముఖం కాస్త వదులైంది. "మరి నీ పాస్‌వర్డ్ ఎవలకు తెల్సు?"

ఎవరికీ తెలియదు, అనబోయి సుధామయి ఆగిపోయింది. సెలవు కవరు గుర్తొచ్చింది.

అది కూడా ఆ ల్యాబు ఆచారమే. మూడు రోజులకు మించి సెలవు మీద వెళ్ళేవాళ్ళు, వెనక ఏదైనా ముంచుకొస్తే పనికొస్తుందని, తమ పాస్‌వర్డు ఒక చీటీ మీద రాసి, కవర్లో పెట్టి మూసి, సార్ గది స్టీలు బీరువాలో పెట్టాలి. కవరు మీద పేరూ తేదీ తర్వాత తీరిగ్గా సారే రాసి, మూత మీద సంతకం పెడతారు. తిరిగొచ్చాక ఎవరి కవరు వాళ్ళు తీసుకుని చింపేసుకోవాలి, పాస్‌వర్డు మార్చుకోవాలి. సుధామయి కాకినాడ నుంచి వచ్చిన రోజు అడిగింది. "ఉండనీలేమ్మా, తర్వాత తీసుకుందువుగాని," అన్నారాయన. తర్వాత ఆమె మర్చిపోయింది. ఇంత లెక్కల మనిషీ అక్కడ పప్పులో కాలేసింది.

కవరు మూసిన సంగతి కూడా గుర్తొచ్చింది. రైలుకు టైమవుతోంది. ల్యాబులో జిగురు సీసా ఎండిపోయి రాయిలా ఉంది. వెతికే తీరిక లేక, నుదుటి మీది మెరూన్ బొట్టుబిళ్ళ తీసి కవరు మూతకు అంటించింది. అమల పక్కనే ఉండి పడీ పడీ నవ్వింది. సార్ అప్పుడు ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ, బీరువా వైపు చెయ్యి చూపించారు. ఆమె పై అరలో పెట్టేసి పరుగెత్తింది.

"కవరు సూడాలె," అంది అమల. "ముందు కవరు సూడాలె."

"నేను వెళ్తాను. నువ్వు రావద్దు. నీకు వైవా ఉంది."

అమల నీలం నోటుబుక్కు తీసి సుధామయి బ్యాగులో పెట్టి, జిప్పు తనే లాగింది. "ఇది నీ కాడ ఉంచు. నా కాడ ఉంటే నేను రాసుకున్న అంటరు. నీ కాడ ఉంటే నువ్వు సదివినవ్ అంటరు." ఒక్క క్షణం ఆగి, "పొద్దుగాల నిన్ను అనుమానించిన. ఏమనుకోకు," అంది.

"మొదలుపెట్టింది నేనే కదే," అంది సుధామయి.

సార్ మీటింగు ముగిసేదాకా ఆగి, నాలుగున్నరకు ఉమాపతి గారి తలుపు తట్టింది.

"రామ్మా, రా. కూర్చో." ఆయన ఫ్లాస్కులోంచి టీ రెండు స్టీలు గ్లాసుల్లోకి వంచి, ఒకటి ఆమె ముందుకు జరిపారు. ల్యాబులో ఎవరికి జ్వరమొచ్చినా కనుక్కునే మనిషి. పిన్ని ఆపరేషన్‌కు తెలిసిన డాక్టర్‌తో మాట్లాడి పెట్టింది కూడా ఆయనే. ఆ మంచితనమంతా సుధామయికి ఒక్కొక్కటే గుర్తొస్తోంది. ఈయన అయి ఉండకూడదు దేవుడా అనుకుంది. ఆ మాట నిజంగానే అనుకుంది.

"సంతకం అయిందామ్మా?"

"ఒక అనుమానం ఉంది సార్. ముప్ఫై ఒకటి ఫైలు మారింది. మే ఎనిమిదిన. నా పేరు మీద."

ఆయన ఆశ్చర్యపోలేదు. టీ ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టారు. "నీ పేరు మీదా?"

"నేనప్పుడు కాకినాడలో ఉన్నాను సార్."

"నాకు తెలుసమ్మా. కాకినాడ నుంచి కూడా లాగిన్ అవొచ్చు కదా. నేను నిన్ను అనుమానిస్తున్నానని కాదు. కమిటీ అంటూ వేస్తే వాళ్ళు అలాగే అడుగుతారు. నీ తాళం, నీ పేరు. అమల సంగతి సరేసరి, పాపం ఆ పిల్ల ఊరు మొత్తం ఎదురుచూస్తోంది. ఎవరో ఏదో పొరపాటున ఒక ఫైలు మీద ఇంకొకటి పెట్టి ఉంటారు. ఒక్క ఎలుక. దాని కోసం రెండు జీవితాలు పణం పెడతావా? కాగితం మీద సంతకం పెట్టు. గురువారం అమల డాక్టరవుతుంది. వచ్చే ఏడాది నువ్వు."

ఎంత మెత్తగా చెప్పారు! పెట్టేస్తే పోతుంది కదా అని ఒక్క నిమిషం సుధామయికి అనిపించింది కూడా. అబద్ధమెందుకు, నిజంగానే అనిపించింది. కాగితం బల్ల మీదే ఉంది, పెన్ను దాని పక్కనే ఉంది.

"నా సెలవు కవరు ఒకసారి చూడొచ్చా సార్?"

ఆయన లేచారు. ఏమాత్రం తడబాటు లేదు. బీరువా తెరిచి, పై అరలోంచి కవరు తీసి, ఆమె ముందు బల్ల మీద పెట్టారు. మీద ఆయన ఆకుపచ్చ సిరాతో సుధామయి పేరు, మే నాలుగు తేదీ. తిప్పారు. మూత మీద అడ్డంగా ఆయన సంతకం, ఎక్కడా చెక్కు చెదరలేదు.

"చూశావుగా. మూసింది మూసినట్టే ఉంది. దీన్ని ఎవరూ తెరవలేదు. అందుకే అంటున్నా, నీకే ఇబ్బంది."

సుధామయి చూసింది. సంతకం గీత మూత మీది నుంచి కవరు మీదికి తిన్నగా సాగింది. మూత అంచు పొడుగునా జిగురు, బాగా ఆరి, కొంచెం పసుపు తిరిగి, ఈ కొస నుంచి ఆ కొస దాకా శుభ్రంగా అంటుకుని ఉంది. బొట్టుబిళ్ళ లేదు. అది అంటిన గుర్తు కూడా లేదు. అంటే ఇది తను మూసిన కవరే కాదు.

 ఆ మాట ఇక్కడ అనకూడదని నిర్ణయించుకుంది. ఈ గదిలోంచి బయటపడేదాకా నోరు విప్పకూడదు. కానీ నోటికి ఉన్న బుద్ధి చేతికి లేకపోయింది. ఆమె కుడిచెయ్యి దానంతటదే లేచి నుదుటి మీదికి వెళ్ళింది. వేలి కొన బొట్టుబిళ్ళను తాకింది.

ఉమాపతి గారి చూపు ఆ చేతి వెంటే వెళ్ళింది. నుదుటి మీద ఆగింది. అక్కడి నుంచి కవరు మూత మీదికి దిగింది. టీ గ్లాసు అందుకోబోయిన చెయ్యి సగంలో నిలిచిపోయింది. ఆ ఒక్క క్షణంలో ఆయన ముఖంలో మే నెల మధ్యాహ్నం ఒకటి కదిలి వెళ్ళడం సుధామయి చూసింది. కవరు మూత లేపుతుంటే వేలికి అంటుకున్న చిన్న మెరూన్ బిళ్ళ, ఇదేమిటని విదిలించి పారేసిన బిళ్ళ, ఇప్పుడు ఆయనకు గుర్తొచ్చింది.

ఆయన మెల్లగా కవరు వెనక్కి లాక్కున్నారు. సొరుగులో పెట్టి తాళం వేశారు. తాళంచెవి జేబులో వేసుకున్నారు.

"ఆ తలుపు వేసి వచ్చి కూర్చో సుధామయీ," అన్నారు. నాలుగేళ్ళలో ఆయన నోట ఎప్పుడూ 'అమ్మా' తప్ప ఆమె పేరు రాలేదు.

ఆమె లేచి తలుపు వేసింది. వచ్చి కూర్చుంది. గోడ గడియారంలో ఐదుకు పది నిమిషాలు తక్కువ.

"అమల ప్రతి రికార్డింగుకీ చేత్తో రాసుకుంటుంది కదూ," అన్నారు ఆయన, అంతే మెత్తగా. "నీలం అట్ట నోటుబుక్కు. అది ఇప్పుడు ఎక్కడుంది?"

బ్యాగు సుధామయి ఒళ్ళోనే ఉంది.